షట్టర్ దించిన కాగితం... ఎత్తినప్పుడు ఏదీ?

ఆదివారం మధ్యాహ్నం మూడు దాటింది. అనంతగిరి గుట్ట దిగిన కార్లు ఒక్కొక్కటే వికారాబాద్ దాటి హైదరాబాద్ దారి పడుతున్నాయి. రోడ్డు పక్క హోటల్లో చివరి టేబుల్ కూడా ఖాళీ అయింది. వంటగదిలో మాస్టర్ బిర్యానీ హండీ మూత తీసి చూశాడు. సగానికి పైనే ఉంది. పొద్దున వాన మబ్బు పట్టడంతో గుట్టకు జనం తక్కువొచ్చారు. అంత అన్నం పారబోయడానికి అతనికి మనసొప్పదు, గల్లా దగ్గర కూర్చున్న యజమానికి అసలే ఒప్పదు. మూత పెట్టి, హండీని పొయ్యి మీంచి కిందికి దించి గోడ వారకు జరిపాడు. రాత్రి తొమ్మిదికి తాండూరు వైపు పోయే లారీలు ఆగుతాయి. అప్పుడు కాస్త ఆవిరి పట్టిస్తే సరిపోతుంది అనుకున్నాడు.

ఏ ఊరి రోడ్డు మీదైనా, ఏ ఆదివారమైనా కనిపించే దృశ్యమే ఇది. ఇందులో దుర్మార్గం లేదు. కల్తీ కూడా లేదు. బియ్యం మంచిదే, మాంసం ఆ రోజు కోసిందే. కానీ మూడింటికి గోడవారకు చేరిన ఆ హండీ తొమ్మిది దాకా పూర్తిగా చల్లారదు, వేడిగానూ ఉండదు. గోరువెచ్చగా ఉంటుంది. ‘బాసిల్లస్ సీరియస్’ అనే బ్యాక్టీరియాకు కావలసింది అదే. అది బియ్యంతోనే పొలం నుంచి వంటింటికి వస్తుంది. ఎసట్లో మరిగినా చావకుండా, గట్టి పెంకు కట్టుకున్న గింజలా అన్నంలో దాక్కుంటుంది. వేడి తగ్గగానే మేలుకుంటుంది. అనువైన వేడిలో ఇలాంటి సూక్ష్మజీవులు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఆరు గంటల్లో ఒక్కటి రెండున్నర లక్షలు దాటుతుంది. పెరిగే క్రమంలో అది వదిలే విషం రాత్రి పట్టించిన ఆవిరికి విరగదు. బ్యాక్టీరియా చచ్చినా విషం మిగులుతుంది.

లారీ డ్రైవర్ తాండూరు చేరేలోపే కడుపులో తిప్పడం మొదలవుతుంది. రెండు రోజులకు ఆ హోటల్ షట్టర్ మీద ఓ కాగితం అతుక్కుంటుంది.

నందినగర్ నుంచి తాండూరు దాకా

హోటల్లో కూర్చున్నవాళ్లు వంటగది వైపు తొంగిచూడటం ఈ మధ్య బాగా పెరిగింది. కారణం అందరికీ తెలిసిందే. 2024 అక్టోబరు చివర్లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని నందినగర్ సంతలో మోమోలు తిన్న ఓ మహిళ ప్రాణాలు కోల్పోయారు. ఇరవై మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. వాటిని తయారుచేసినవారికి ఆహార భద్రత లైసెన్సే లేదని, వంటచోటు అపరిశుభ్రంగా ఉందని, ఫ్రిజ్ తలుపు విరిగి ఉందని తనిఖీలో తేలింది. ఆ వెంటనే అక్టోబరు 30న రాష్ట్ర ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనీజ్‌ను ఏడాది పాటు నిషేధించింది.

ఆ తర్వాతి నెలలోనే మన వికారాబాద్ జిల్లా పొరుగున నారాయణపేట జిల్లా మాగనూరు బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు ఆస్పత్రికి చేరారు. డిసెంబరులో తాండూరు గిరిజన బాలికల హాస్టల్ వంతు వచ్చింది. పిల్లలకు వాంతులు, కడుపునొప్పి. తల్లిదండ్రులు పనులు వదిలేసి పరుగెత్తారు. హోటల్ భోజనం ఇష్టం లేకపోతే మానుకోవచ్చు, హాస్టల్ పిల్లకు ఆ అవకాశం లేదు. పెట్టింది తినాలి. అందుకే నా దృష్టిలో హోటల్ వంటగది కన్నా హాస్టల్ వంటగదికి ముందు తనిఖీ జరగాలి.

తాత్కాలిక మూత విషయానికొస్తే, మన ప్రయాణికులకు బాగా తెలిసిన ఉదాహరణ సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి ఆల్ఫా హోటల్. తాండూరు, వికారాబాద్‌ల నుంచి రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి అక్కడ చాయ్ తాగనివారు ఈ జిల్లాలో తక్కువే. అక్కడ తిని అస్వస్థులయ్యామన్న ఫిర్యాదులతో 2023 సెప్టెంబరులో జీహెచ్‌ఎంసీ అధికారులు దాన్ని తాత్కాలికంగా మూయించి, నమూనాలు పరీక్షకు పంపారు. తర్వాత హోటల్ తెరుచుకుంది, జనం యథావిధిగా వెళ్తున్నారు. మూయించిన వార్త అందరూ చదివారు. పరీక్షలో ఏం తేలింది, తెరిచే ముందు లోపల ఏమేం మారాయి అని అడిగితే మాత్రం ఎంతమంది చెప్పగలరు? ఒక్క ఆ హోటల్ సంగతే కాదు, ఎక్కడ షట్టర్ పడినా ఇదే తీరు. మూయడం వార్త, తెరవడం వార్త కాదు. ప్రాణాలతో ముడిపడిన సంగతి అంతా ఆ రెంటి మధ్యే ఉంది.

■ ఎంతసేపట్లో ఏది?

*తిన్న గంట నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలైతే సాధారణంగా అనుమానించేది రెండింటిని. ఒకటి, నిల్వ అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్. రెండోది, వంటవాడి చేతి పుండు నుంచో ముక్కు నుంచో వచ్చే స్టెఫైలోకాకస్. పెద్ద డేగిసాల్లో వండి నెమ్మదిగా చల్లారిన మాంసం, పాయా లాంటివాటిలో క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ పెరుగుతుంది. దీని ప్రభావం ఆరు నుంచి 24 గంటల్లో కనిపిస్తుంది. పచ్చి గుడ్డు, సరిగా ఉడకని కోడిమాంసం ద్వారా వచ్చే సాల్మొనెల్లా ఆరు గంటల నుంచి ఆరు రోజుల వరకు ఎప్పుడైనా బయటపడొచ్చు. షిగెల్లా ఒకటి రెండు రోజులు తీసుకుంటుంది. అది సోకడానికి పది నుంచి వంద కణాలు చాలు. అందుకే చివరగా తిన్న హోటలే దోషి అనుకోవడం చాలాసార్లు పొరపాటు.*

ముందు నోటీసు, తర్వాత తాళం

హోటల్ మూయించడం ఇన్‌స్పెక్టర్ ఇష్టాయిష్టాల మీద నడిచే పని అని చాలామంది అనుకుంటారు. చట్టం అలా లేదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి వచ్చింది. 32వ సెక్షన్ ప్రకారం ముందు మెరుగుదల నోటీసు ఇవ్వాలి. ఏం తప్పు కనిపించింది, ఏం సరిచేయాలి అని అందులో రాసి, కనీసం 14 రోజుల గడువు పెట్టాలి. అయినా మారకపోతే లైసెన్సు సస్పెండ్ అవుతుంది. ప్రజారోగ్యానికి ముప్పు ఉందనుకుంటే, కారణాలు రాతపూర్వకంగా చూపి, గడువుతో పనిలేకుండా అప్పటికప్పుడే సస్పెండ్ చేసే అధికారమూ ఉంది.

అంతకన్నా తీవ్రమైనది 34వ సెక్షన్ కింది అత్యవసర నిషేధం. జిల్లాలోని అధీకృత అధికారి కోరితే రాష్ట్ర ఆహార భద్రత కమిషనర్ ఆ ఉత్తర్వు ఇస్తారు. దాని ప్రతిని యజమానికి అందించాలి, లేదా హోటల్ గోడ మీద అందరికీ కనబడేలా అతికించాలి. లోపాలు సరిదిద్దుకున్నాక యజమాని దరఖాస్తు చేస్తే, అధికారి మళ్లీ చూసి, తృప్తి చెందితే ధ్రువపత్రం ఇస్తారు. దాంతో నిషేధం తొలగిపోతుంది.

మూసే ఉత్తర్వును గోడకు అతికించే దారి చూపిన చట్టం, తెరిచే ధ్రువపత్రాన్ని అతికించే మాట చెప్పలేదు. అది ఫైల్లోకి వెళ్లిపోతుంది. మామూలు మనిషికి కనిపించేది, నిన్నటిదాకా మూసిన షట్టర్ ఇవాళ ఎత్తి ఉండటమే. చుట్టుపక్కల వాళ్లు అనుకునేది ఒకటే, ఎవరి చెయ్యో తడిపి ఉంటారని. నిజంగా లక్షలు ఖర్చుపెట్టి వంటగది మార్చుకున్న యజమానికి కూడా ఆ మాట పడక తప్పదు.

మంచు పెట్టెలో నాచారానికి

తనిఖీకి వచ్చిన ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ నమూనా తీసే తీరును దగ్గర నుంచి గమనించాలి. సేకరించిన పదార్థాన్ని నాలుగు భాగాలు చేస్తారు. ఒక్కొక్కటి విడిగా కట్టి, చీటీ అంటించి, దారం చుట్టి, లక్కతో ముద్ర వేస్తారు. ఒక భాగం ఫుడ్ అనలిస్టుకు వెళ్తుంది. రెండు అధీకృత అధికారి దగ్గర భద్రంగా ఉంటాయి. నాలుగోదాన్ని యజమాని కోరితే గుర్తింపు ఉన్న మరో ప్రయోగశాలకు పంపుతారు. నివేదిక 14 రోజుల్లో రావాలి.

నూనెలో కల్తీనో, కారంలో రంగునో పట్టుకోవడానికి ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. బ్యాక్టీరియాతోనే వస్తుంది చిక్కు. కారంపొడిలో కలిపిన రంగు దారిలో పెరగదు, తగ్గదు. బ్యాక్టీరియాకు ప్రాణముంది. క్రిమిరహితం చేసిన డబ్బాలో, శుభ్రం చేసిన గరిటెతో తీసి, మంచు పెట్టెలో పెట్టి, చల్లదనం చెదరకుండా ప్రయోగశాలకు చేర్చాలి. రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉన్నది హైదరాబాద్ నాచారంలో. తాండూరు నుంచి వంద కిలోమీటర్లకు పైనే. ఎండాకాలం మధ్యాహ్నం జీపులో మంచు కరిగిపోతే, హండీలో లేని బ్యాక్టీరియా కూడా డబ్బాలో పెరిగి కూర్చుంటుంది. అప్పుడు నష్టపోయేది నిర్దోషి. ఉన్న బ్యాక్టీరియా పరీక్ష నాటికి చచ్చిపోతే తప్పించుకునేది దోషి.

అసలు ఇబ్బంది అంతకన్నా ముందే ఉంది. జనం ఆస్పత్రిలో చేరి, ఫిర్యాదు అంది, అధికారి హోటల్‌కు వచ్చేసరికి ఒక రోజైనా గడుస్తుంది. జబ్బు చేసిన హండీ అప్పటికే ఖాళీ అయి, తోమి బోర్లించి ఉంటుంది. ఆయనకు దొరికేది మర్నాటి బిర్యానీ.

పేరు తెలియకుండానే పోయే జబ్బు

మన ఊళ్లలో వాంతులు, విరేచనాలు మొదలైతే ఏం చేస్తాం? ముందు దగ్గర్లోని ఆర్‌ఎంపీ. ఆయన ఒక ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ ఎక్కిస్తాడు. తగ్గకపోతే తాండూరు జిల్లా ఆస్పత్రికో, వికారాబాద్‌కో, చేతిలో డబ్బుంటే హైదరాబాద్‌కో పరుగు. అక్కడికి చేరేలోపు యాంటీబయాటిక్ ఒంట్లోకి పోయి ఉంటుంది. ఆ తర్వాత మల పరీక్ష చేసినా క్రిమి దొరకడం కష్టం. చాలాసార్లు ఆ పరీక్షా జరగదు. రోగి కోలుకుంటాడు, అదే పదివేలు అనుకుని ఇంటికి వెళ్తాడు. ఏ క్రిమి, ఏ వంటకం, ఏ హోటల్ అన్నది ఎప్పటికీ తేలదు.

తేల్చాలని పట్టుబడితే ఎంత లాభమో కేరళ చూపించింది. 2022 మే మొదట్లో కాసర్‌గోడ్ జిల్లా చెరువత్తూరులో షవర్మా తిన్న పదహారేళ్ల అమ్మాయి చనిపోయింది. పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. అక్కడి వైద్యులు ఊరికే సెలైన్ ఎక్కించి పంపలేదు. రోగుల నమూనాలు పరీక్షించి షిగెల్లా అని తేల్చారు. షవర్మా నమూనాల్లోనూ షిగెల్లా, సాల్మొనెల్లా దొరికాయి. పేరు తెలిస్తే మూలం తెలుస్తుంది. షిగెల్లా మనిషి మలం నుంచి నీటి ద్వారానో చేతుల ద్వారానో తిండిలోకి వచ్చేది. అంటే వెతకాల్సింది మాంసం కొట్టులో మాత్రమే కాదు, వంటగది నీళ్ల ట్యాంకులో, పనివాళ్ల మరుగుదొడ్డి పక్కన సబ్బు ఉందో లేదో అక్కడ కూడా. ఏడాది తిరగకుండానే, 2023 జనవరిలో, కేరళ పచ్చి గుడ్ల మయోనీజ్‌ను నిషేధించింది. తెలంగాణ ఆ పని చేయడానికి మరో ప్రాణం పోవాల్సి వచ్చింది.

మన చట్టంలోనూ 35వ సెక్షన్ ఉంది. తమ దృష్టికి వచ్చిన కలుషితాహార కేసులన్నీ తెలియజేయాలని ఒక ప్రాంతంలోని వైద్యులను ఆదేశించే వీలు అది కల్పిస్తుంది. ఒకే రాత్రి మూడు వేర్వేరు క్లినిక్‌లకు వచ్చిన ఆరుగురు ఒకే చోట తిన్నారన్న సంగతి బయటపడాలంటే ఇంతకన్నా తేలిక దారి లేదు. వికారాబాద్‌లో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. సూక్ష్మజీవశాస్త్ర విభాగం లేకుండా వైద్య కళాశాల ఉండదు. జిల్లా రోగుల నమూనాలను అక్కడే పరీక్షించే ఏర్పాటు గట్టిగా చేస్తే, క్రిమి పేరు కోసం రాజధాని వైపు చూడాల్సిన అవసరం తగ్గుతుంది.

బండ సందుల్లో, ట్యాంకు అడుగున

తాండూరు బండ లేని వంటగది ఈ జిల్లాలో కనబడదు. నేలకు అదే, గట్టుకు అదే, గిన్నెలు తోమే తొట్టి పక్కనా అదే. పాలిష్ పట్టిన నాపరాయి కడగడానికి ఎంతో వీలు. తప్పు బండది కాదు, సందులది. రెండు బండల మధ్య సిమెంటు పోయిన చోట, వేలు పెడితే జిగురుగా తగిలే చోట, మాంసం కడిగిన నీళ్లు దిగి నిలుస్తాయి. చీపురు అక్కడికి పోదు. పైన ఫినాయిల్ వాసన గుప్పుమంటున్నా కింద తడి అలాగే ఉంటుంది. కొత్తిమీర కట్ట, ఉల్లిగడ్డల బుట్ట ఆ నేల మీదే దించుతారు. అవి పచ్చిగానే ప్లేట్లోకి వస్తాయి.

ఇక నీళ్లు. ఎండాకాలంలో బోరు ఆగితే ట్యాంకరే దిక్కు. ట్యాంకర్ ఎక్కడ నింపుకొచ్చిందో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారని అడిగితే, యజమాని మాస్టర్ వైపు, మాస్టర్ సప్లయర్ కుర్రాడి వైపు చూస్తారు. టేబుల్ మీద మినరల్ వాటర్ సీసా పెడతారు సరే, చట్నీ రుబ్బింది, ప్లేట్లు తొలిచింది ఆ ట్యాంకు నీళ్లతోనే కదా!

సెలవు రోజుల రద్దీ దీనికి తోడవుతుంది. ఒకప్పుడు క్షయ రోగులు మంచి గాలి కోసం వచ్చి కోలుకున్న కొండ అనంతగిరి. ఇప్పుడు శని, ఆదివారాల్లో పద్మనాభస్వామి గుడికి, కోట్‌పల్లి జలాశయానికి, రిసార్టులకు నగరం తరలివస్తోంది. సోమవారం పదిమందికి వండే వంటగది ఆదివారం అనేక రెట్లు వండాలి. ఫ్రిజ్ మాత్రం అదే, దాని తలుపు నిమిషానికోసారి తెరుచుకుంటుంది. కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద ఫ్యాన్లూ లైట్లూ నడుస్తాయి, డీప్ ఫ్రిజ్ నడవదు. కరిగిన చికెన్ కరెంటొచ్చాక మళ్లీ గడ్డకడుతుంది. పైకి చూస్తే ఏ తేడా తెలియదు.

■ థర్మామీటర్ చెప్పే లెక్క

*వండిన పదార్థం 60 డిగ్రీల పైన ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపుకి చేరాలి. మధ్యలో ఉన్నదంతా ప్రమాదమే. మిగిలింది దాచాలంటే రెండు గంటల్లో 60 నుంచి 21 డిగ్రీలకు, మరో నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దించాలి. పెద్ద హండీలో ఇది కుదరదు. వెడల్పాటి పళ్లేల్లో పలచగా పరవాలి. మళ్లీ వేడిచేస్తే లోపలి ముద్ద కూడా 75 డిగ్రీలకు చేరి కనీసం రెండు నిమిషాలు ఉండాలి. దీనికి కావలసిన పరికరం వంటల థర్మామీటర్. దాని ధర రెండు ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీలంత ఉండదు.*

మూసిన రోజుల్లో కూలి ఎవరిస్తారు?

షట్టర్ పడినప్పుడు ముందుగా ఖాళీ అయ్యేది యజమాని గల్లా కాదు. గిన్నెలు తోమే ఆమె కూలి. ఆమె పొద్దున్నే వచ్చి రాత్రి వరకు వంగి తోముతుంది. మూసిన రోజులకు లెక్క కట్టి ఇచ్చేవారుండరు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రాళ్లయితే ఆ హోటల్ పై గదిలోనే పడుకుంటారు. పని లేకపోతే తిండీ ఉండదు, ఒక్కోసారి రైలెక్కి వెళ్లిపోతారు.

వాళ్ల కూలికి, మన కడుపు భద్రతకు నేరుగా సంబంధం ఉంది. విరేచనాలతో బాధపడేవాడు, చేతికి చీము పట్టినవాడు వంట పని ముట్టుకోకూడదని నిబంధన. పనివాళ్లందరికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలనీ ఉంది. కానీ పనికి రాని రోజు కూలి కోసే చోట, కడుపు నొప్పి ఉందని చెప్పే కుర్రాడెవడు? నోరు మూసుకుని వస్తాడు, పిండి కలుపుతాడు. జబ్బు పడ్డ రోజుకు సగం కూలైనా ఇచ్చే యజమాని, ఖరీదైన టైల్స్ వేయించిన యజమాని కన్నా తన కస్టమర్లను ఎక్కువ కాపాడుతున్నట్టే. తనిఖీ పత్రంలో ఈ ప్రశ్న కూడా ఉండాలని గట్టిగా అనిపిస్తుంది.

జబ్బు పడినవారి వైపూ చూడాలి. తినడానికి పనికిరాని ఆహారం వల్ల ప్రాణం పోతే కనీసం ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా జైలు, పది లక్షల రూపాయలకు తగ్గని జరిమానా అని 59వ సెక్షన్ చెబుతోంది. మృతుడి కుటుంబానికి ఐదు లక్షలకు తగ్గని పరిహారం అని 65వ సెక్షన్. రాతలో గట్టిగానే ఉంది. అయితే పరిహారం రావాలంటే ఆ తిండి వల్లే చనిపోయారని రుజువు కావాలి. క్రిమి పేరే తేలని చోట రుజువు ఎక్కడి నుంచి వస్తుంది?

■ మీకే అనుమానం వస్తే

*బిల్లు పారేయొద్దు. ఆస్పత్రికి వెళ్తే ముందు రెండు రోజుల్లో ఎక్కడెక్కడ ఏం తిన్నారో చెప్పండి, మందు వేసుకునే ముందే మల పరీక్ష గురించి అడగండి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో, లేదా జిల్లా ఆహార భద్రత అధికారికి ఫిర్యాదు చేయొచ్చు. హోటల్ గోడ మీద, బిల్లు మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. కొన్న ఆహారాన్ని రుసుము కట్టి అనలిస్టుతో పరీక్ష చేయించుకునే హక్కు 40వ సెక్షన్ కింద కొనుగోలుదారుకే ఉంది. తప్పు తేలితే ఆ రుసుము వెనక్కి ఇస్తారు.*

43 హోటళ్లు ఒకేసారి

2015 చివర్లో అమెరికాలో చిపోట్లే అనే పెద్ద హోటల్ సంస్థలో తిన్నవారికి ఈ.కొలై సోకింది. వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల్లో అనుమానం వచ్చినవి కొన్నే అయినా, సంస్థ అక్కడి 43 హోటళ్లనూ తానే తాత్కాలికంగా మూసేసింది. ఏ పదార్థంతో క్రిమి వచ్చిందో ఆఖరికీ తేలలేదు. అయినా పదార్థాల పరీక్షలు పెంచింది, కొన్నిటిని హోటల్లో కాకుండా వేరే చోట శుభ్రం చేయించి తెప్పించడం మొదలుపెట్టింది, ఆ మార్పులను జనానికి చెప్పింది. తప్పించుకుపోలేదు కూడా. వివిధ ఘటనలకు సంబంధించి 2020లో రెండున్నర కోట్ల డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది.

అంత పెద్ద సంస్థకు సాధ్యమైంది తాండూరు టిఫిన్ సెంటర్‌కు ఎలా సాధ్యమని అడగొచ్చు. డబ్బు విషయంలో నిజమే. చెప్పడం విషయంలో కాదు. 2024లో హైదరాబాద్‌లో టాస్క్‌ఫోర్స్ తనిఖీలు జోరుగా సాగినప్పుడు, ఏ హోటల్లో ఏం కనిపించిందో ఆహార భద్రత విభాగం సోషల్ మీడియాలో ఫొటోలతో సహా పెట్టింది. జనం చదివారు, హోటళ్లు భయపడ్డాయి, కొన్ని మారాయి. అదే వెలుగు ఇప్పుడు మూత తర్వాతి రోజుల మీద పడాలి.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు. కలెక్టర్, జిల్లా ఆహార భద్రత అధికారి తలచుకుంటే చాలు. నిషేధం ఎత్తేసిన రోజు, మూసినప్పటి కాగితం అతికించిన చోటే మరో కాగితం అతికించాలి. ఏ పరీక్షకు ఏం పంపాం, ఏం తేలింది, ట్యాంకు ఎప్పుడు కడిగారు, ఫ్రిజ్ ఎన్ని డిగ్రీలు చూపిస్తోంది, పనివాళ్లలో ఎంతమందికి వైద్య పరీక్ష అయింది, మళ్లీ తనిఖీ ఏ తేదీన అన్నవి అందులో ఉండాలి. తెలుగులో, ఉర్దూలో, తాండూరులోనైతే సేడం వైపు నుంచి వచ్చేవారి కోసం కన్నడలోనూ. తనిఖీ తేదీ దాటిపోయినా అధికారి రాకపోతే, టిఫిన్‌కు వచ్చిన మనిషే ఆ కాగితం చూపించి ఎందుకు రాలేదని ఆఫీసుకు ఫోన్ చేసి అడగగలగాలి.